ఖతీఫ్ వెళ్ళి చేప తినకుండా వచ్చాం

సౌదీ వెళ్ళొచ్చామంటే మనవాళ్ళు అడిగేవి రెండే ప్రశ్నలు. బంగారం అక్కడ చవకేనా, ఎండలు ఎలా భరించారు అని. సముద్రం గురించి ఎవరూ అడగరు. మేమున్న జుబైల్ సముద్రం ఒడ్డునే ఉంది. అక్కణ్ణించి కారులో గంట కూడా పట్టని దూరంలో ఖతీఫ్ అని పాత ఊరు. చేపలకీ ఖర్జూరం తోటలకీ పేరు. ఇన్నేళ్ళ కాపురంలో ఆ ఊరి పక్కనుంచి దమ్మామ్ బంగారం కొట్లకి వెళ్ళొచ్చానే గాని, ఒక్కసారి కూడా లోపలికి తొంగిచూడలేదు. తీరా చూసింది సామాను కట్టేసుకుని, ఇంకొద్ది రోజుల్లో విమానం ఎక్కుతామనగా. అదీ ఇష్టం లేకుండానే.

ఆ ఒక్క రోజు సంగతే ఇది. ఊరి అందాలు చెబుతాను. మధ్యలో నా నిర్వాకం కూడా వస్తుంది. దాన్ని దాటేసి రాద్దామని ఒకసారి కూర్చున్నాను, తీరా రాస్తే చెప్పుకోదగ్గది ఏమీ మిగల్లేదు.

జుబైల్‌లో బయలుదేరడం

మా ఆయన పేరు సత్యనారాయణ. జుబైల్‌లో ఒక కాంట్రాక్టు కంపెనీలో సేఫ్టీ ఇంజనీరు. ప్రతి కంపెనీలోనూ ఇంతమంది సౌదీవాళ్ళు ఉండి తీరాలని అక్కడ నితాఖత్ అనే పద్ధతి పెట్టారు. లెక్క సరిపోతే కంపెనీకి పచ్చరంగు, తగ్గితే పసుపు, మరీ తగ్గితే ఎరుపు. ఎరుపులో పడ్డ కంపెనీలో మనలాంటి వాళ్ళ ఇకామాలు, అంటే అక్కడ ఉండడానికిచ్చే కార్డులు, రెన్యువల్ కావు. ఇకామా లేకపోతే ఆ దేశంలో మనిషి ఉన్నా లేనట్టే. అది చాలదన్నట్టు ఫ్యామిలీతో ఉన్నవాళ్ళ మీద తలకింత అని లెవీ మొదలుపెట్టి, ఏటా పెంచుకుంటూ పోయారు. మా బిల్డింగు మెట్ల దగ్గర ఎప్పుడు చూసినా ఎవరివో ఒకరివి సోఫాలూ ఫ్రిజ్జులూ అమ్మకానికి ఉండేవి.

మా కంపెనీ పసుపులోకి జారింది. దాంతో మా ఆయన సీటుకి జాఫర్ అనే ఖతీఫ్ కుర్రాణ్ణి తీసుకున్నారు. ఆ కుర్రాడికి పనంతా నేర్పింది మళ్ళీ మా ఆయనే. ఏడాది పాటు పక్కన కూర్చోబెట్టుకుని, హెల్మెట్ బెల్టు బిగించుకోవడం దగ్గర్నించి నేర్పి, చివరికి కుర్చీ అప్పగించారు. నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇక శాశ్వతంగా వెళ్ళిపొమ్మనే ఫైనల్ ఎగ్జిట్ కాగితాలు చేతికొచ్చాయి. ఆఫీసులో వీడ్కోలు అంటూ ఏమీ జరగలేదు. అంతకుముందు ఎవరైనా వెళ్తుంటే కేకు కోసి, ఫోటో తీసి, చేతిలో గడియారం పెట్టేవారు. వెళ్ళేవాళ్ళు ఎక్కువైపోయేసరికి ఆ అలవాటే పోయింది. జాఫర్ ఒక్కడే, "శుక్రవారం మా ఇంట్లో భోంచెయ్యాలి ఉస్తాద్, మేడమ్‌ని కూడా తీసుకురండి, ఊరు చూపిస్తాను," అన్నాడట.

"నేను రాను. మీ నోటి దగ్గర కూడు లాక్కున్నవాడింట్లో మెతుకు ముట్టను," అన్నాను.

"వాడేం లాక్కున్నాడే? కంపెనీవోళ్ళు ఇచ్చేరు, తీసుకున్నాడు," అన్నారు మా ఆయన. "ఇన్నేళ్ళు పనిచేసేక నన్ను భోజనానికి పిలిచింది వాడొక్కడే. అదే నా సెండాఫ్ అనుకో. ఒక్కపూట రావే," అన్నారు.

ఆ అడిగిన తీరుకి కాదనలేకపోయాను. కానీ పంతం పోలేదు. తెల్లవారగానే లేచి పులిహోర కలిపి, స్టీలు డబ్బా నిండా కుక్కి, వెనక సీట్లో పెట్టాను. ప్రయాణమంటే పులిహోర కట్టుకోవడం మనకి మామూలే. ఆ డబ్బా మాత్రం నేను కోపంతో కట్టాను. మా ఆయన డబ్బా చూశారు, నన్ను చూశారు, కారు తీశారు.

చేపల మార్కెట్

ఊళ్ళోకి వెళ్ళే దారిలో చెక్‌పోస్టు. పోలీసు మా ఇకామాలు అటూ ఇటూ తిప్పిచూసి, చేత్తో పొమ్మన్నాడు. ఆ మలుపు దాటగానే ఖర్జూరం తోటలు మొదలయ్యాయి. చెట్ల కింద పచ్చగా గడ్డి, కాలవ, ఆకుకూరల మళ్ళు. ఇన్నాళ్ళూ ఇసుకా, గొట్టాలూ, పొగగొట్టాలూ చూసిన కళ్ళకి కోనసీమ గుర్తొచ్చింది.

జాఫర్ మార్కెట్ ముందు నిలబడి ఉన్నాడు. పాతికేళ్ళుంటాయేమో. ఒంటి మీద కాళ్ళదాకా ఇస్త్రీ చేసిన తెల్లటి తోబు, నెత్తిన ఎర్రగళ్ళ గుడ్డ. గుండె మీద చెయ్యి పెట్టుకుని నాకు దూరం నుంచే సలాం చెప్పి, మా ఆయన్ని మాత్రం గట్టిగా కౌగిలించుకున్నాడు. వాళ్ళిద్దరూ మాట్లాడుకునేది ఇంగ్లీషు, అరబ్బీ, హిందీ కలగలిపిన సైటు భాష. నేనిక్కడ తెలుగులోనే రాస్తున్నాను.

మార్కెట్ అంటే పెద్ద షెడ్డు. మనూళ్ళో చేపలమ్మేది ఆడవాళ్ళు. అక్కడ అంతా మగవాళ్ళే. సౌదీ ముసలివాళ్ళు మన లుంగీలాంటిదే కట్టుకుని, పైన బనీనుతో చేపల గుట్టల ముందు కూర్చున్నారు. ఇన్నేళ్ళలో లుంగీ కట్టిన సౌదీని చూడడం అదే మొదలు. చేపలు కోసి శుభ్రం చేసేది బంగ్లాదేశ్ వాళ్ళు. సాఫీ అనే చిన్న చేప అక్కడ ఇంటింటికీ ఇష్టమట. హామూర్ పెళ్ళిళ్ళకీ పెద్ద చుట్టాలకీ. మన వంజరాన్ని కనద్ అంటారు, ధర నరసాపురం ధరకి రెట్టింపు.

నా పుట్టిల్లూ అత్తిల్లూ నరసాపురమే. చేప కనబడితే నా చెయ్యి ఊరుకోదు. కోపం సంగతి మరిచిపోయి, ఒక వంజరం మొప్ప ఎత్తి చూశాను, వేలితో వీపు నొక్కి చూశాను, నిన్నటిదని పక్కన పడేశాను. అమ్మేవాడు ఏదో గొణిగాడు. జాఫర్ నవ్వి, "మేడమ్‌కి చేపలు బాగా తెలుసంటున్నాడు," అని గొప్పగా చెప్పాడు. అంతలో ఎవడో ఐసు గంప ఎత్తుతూ నీళ్ళన్నీ నేను పైన వేసుకున్న నల్లటి అబాయా మీద కుమ్మరించాడు. ఆ నీచువాసన రోజంతా నాతోనే ఉంది.

"మనం కొనక్కర్లేదు. నాన్న తెల్లవారకముందే వచ్చి హామూర్ తీసుకెళ్ళాడు, ఉస్తాద్ కోసం," అన్నాడు జాఫర్.

మా ఆయన మొహం వెలిగిపోయింది. ఆ మనిషికి చేప ఉంటే ఇంకేమీ అక్కర్లేదు. నేను కారులో ఉన్న డబ్బా తలుచుకున్నాను.

తారూత్ కోట

ఖతీఫ్ పక్కనే తారూత్ అనే దీవి. దీవి అన్నమాటే గాని వంతెన మీద కారులో వెళ్ళిపోవచ్చు. ఊరి మధ్య దిబ్బ మీద మట్టిరంగు కోట. దాని వయసు చెప్పడానికి ఒక్కొక్కరిది ఒక్కో లెక్క. ఎంతో ముస్తాబై వచ్చామా, తలుపుకి తాళం. రిపేర్లట. జాఫర్ మొహం చిన్నబోయింది. ఎవరికో ఫోన్లు చేశాడు, తాళం ఉన్నవాడు దొరకలేదు.

కోట కింద కాఫీ కొట్టులో కూర్చున్నాం. అరబ్బు కాఫీ అంటే మనకి తెలిసిన కాఫీ కాదు. పసుపు రంగు నీళ్ళలో ఏలకుల వాసన, చక్కెర ఉండదు, దాంతో ఖర్జూరం తినాలి. కప్పు ఖాళీ అయితే పోస్తూనే ఉంటారు. చాలనుకుంటే కప్పు అటూ ఇటూ ఊపి ఇవ్వాలి. ఆ సంగతి నాకు తెలియక ఎన్ని కప్పులు తాగానో! మా ఆయన పక్కనుంచి, "ఊపవే, ఊపు," అన్నాక ఊపాను. ఇన్నేళ్ళున్నా ఒక్క సౌదీ ఇంటి గడప తొక్కని దాన్ని, నాకెలా తెలుస్తుంది? మా తెలుగువాళ్ళం, మా కిట్టీ పార్టీలు, మా దసరా బొమ్మలు, అంతే.

అక్కడే జాఫర్ తన కథ చెప్పాడు. డిప్లొమా అయ్యాక ఏళ్ళ తరబడి ఉద్యోగం దొరకలేదట. తండ్రితో పడవ మీద వెళ్ళేవాడు, కొన్నాళ్ళు టాక్సీ తోలాడు. నితాఖత్ వచ్చాకే ఎవరైనా తన కాగితాలు తెరిచి చూశారట. మా ఆయన తలూపుతూ విన్నారు. నేను మాత్రం మనసులో, అయితే నీకు మా కుర్చీయే దొరికిందా నాయనా అనుకున్నాను.

దారీన్ రేవు

దీవికి ఆ చివర దారీన్. ఒకప్పుడు ముత్యాల రేవు. ఎవరో ముత్యాల వ్యాపారి కట్టుకున్న మేడ కూలిపోయి, రెండు గోడలు మిగిలాయి. పాతకాలంలో మనదేశం నుంచి కస్తూరి ఈ రేవులోనే దిగేదని, ఆ పేరు వాళ్ళ పాత పాటల్లో కూడా ఉందని జాఫర్ చెప్పాడు. ఇప్పుడు చేపల పడవలు, పిల్లలు, బిస్కెట్ల కాగితాలు.

మగవాళ్ళిద్దరూ గట్టు మీద ముందు, నేను వెనక. గాలికి మాటలు నాదాకా వస్తున్నాయి.

"ఆదివారం నుంచి మీ కుర్చీలో కూర్చోమన్నారు ఉస్తాద్. ఇన్నాళ్ళూ పక్క కుర్చీలోనే కూర్చున్నాను. నాకు చేతకావడం లేదు," అన్నాడు జాఫర్.

"కూర్చో. కూర్చునే ముందు కింద స్క్రూ బిగించుకో. ఎడమపక్కకి వాలిపోద్ది. నేను ఎన్నిసార్లు పడ్డానో," అన్నారు మా ఆయన.

జాఫర్ నవ్వలేదు. సముద్రం వైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నట్టనిపించింది. గాలికి ఇసుక పడి ఉంటుందిలే అనుకున్నాను. అలా అనుకోవడం నాకు సుఖంగా ఉంది.

జాఫర్ వాళ్ళిల్లు

సన్నటి సందులో రెండంతస్తుల ఇల్లు. మగవాళ్ళకి ఒక గుమ్మం, ఆడవాళ్ళకి ఒక గుమ్మం. మా ఆయన అటు వెళ్ళారు, నేను డబ్బా పట్టుకుని ఇటు వెళ్ళాను.

జాఫర్ తల్లిని అందరూ ఉమ్ జాఫర్ అంటారు, జాఫర్ అమ్మ అని అర్థం. పొట్టిగా, బొద్దుగా, పువ్వుల ముసుగు వేసుకుని ఎదురొచ్చింది. నా చెంపల మీద ముద్దులు పెట్టి, నిప్పుల మీద సుగంధం చెక్క వేసిన ధూపం తెచ్చి నా అబాయా కింద పట్టింది. బాలింతకి సాంబ్రాణి పొగ వేసినట్టు. చేపల మార్కెట్ వాసన ఆవిడకి తగిలే ఉంటుంది, ఏమీ అనలేదు. కూతురు జైనబ్ టీచరు ట్రైనింగులో ఉంది, ఇంగ్లీషు వచ్చు. తల్లి మాటలు నాకు, నా మాటలు తల్లికి చెప్పే పని ఆ పిల్లది.

నేల మీద గుడ్డ పరిచారు. మన పంక్తి భోజనాల్లాగే కిందే కూర్చోవడం. పెద్ద పళ్ళెం వచ్చింది. ఖర్జూరం పాకంతో వండిన ఎర్రటి తియ్యన్నం, దాని మీద వేయించిన హామూర్ ముక్కలు, ఉల్లిపాయలు, నిమ్మచెక్కలు. తియ్యన్నంలో చేప ఏమిటని మీరు మొహం పెట్టకండి, నేనూ పెట్టాను. కానీ ఆ వాసనకి నోట్లో నీళ్ళూరాయి.

"తఫద్దలీ," అంది ఉమ్ జాఫర్. కానివ్వమ్మా అని. అందరికంటే పెద్ద ముక్క విరిచి నా వైపు పెట్టింది.

నేను చెయ్యి చాచలేదు. పొద్దున్న ఆడిన మాట ఒకటుంది కదా, మెతుకు ముట్టనని. శాకాహారినని చెబుదామంటే మార్కెట్లో మొప్పలెత్తి చూసినదాన్ని, ఎవరు నమ్ముతారు? చేతులు జోడించి, "మాకిది మాఘమాసం. మొక్కు ఉంది. ఈ నెలంతా నీచు ముట్టం, బయట వండింది తినం. నా భోజనం నేను తెచ్చుకున్నాను," అని డబ్బా చూపించాను.

మాఘమాసమన్నది నిజమే. మొక్కు మాత్రం అబద్ధం. కార్తీకం అయిపోయి రెండు నెలలు దాటింది, మా ఇంట్లో వారానికి రెండుసార్లు పులుసు కాగుతూనే ఉంది.

జైనబ్ అరబ్బీలో చెప్పింది. ఉమ్ జాఫర్ మొహంలో నేను అనుకున్న చిన్నబోవడం లేదు. రెండు చేతులూ తల మీద పెట్టుకుని గబగబా ఏదో అంది.

"తప్పు తనదే అంటోంది అమ్మ. మిమ్మల్ని ముందే అడగాల్సిందట. మొక్కులో ఉన్న మనిషి ముందు చేప పెట్టాను, క్షమించమంటోంది," అంది జైనబ్.

ఆవిడే లేచి పళ్ళెం ఎత్తేసింది. నిమ్మచెక్కలతో సహా. మీరు తినండి, నాకేం ఇబ్బంది లేదని నేనంటూనే ఉన్నాను, ఎవరూ వినలేదు. తలుపు దగ్గరికి వెళ్ళి కొడుకుని పిలిచి చెప్పింది. అప్పటికి గాని నాకు తట్టలేదు. ఒక ఇంట్లో పెళ్ళాం మొక్కులో ఉంటే మొగుడూ ఉంటాడని ఎవరైనా అనుకుంటారు. కాసేపటికి మగవాళ్ళ పళ్ళెం కూడా వెనక్కొచ్చింది. దాని మీద హామూర్ తలతో సహా మొత్తం అలాగే ఉంది. ఎవరూ చెయ్యి పెట్టలేదు.

అప్పుడైనా నిజం చెప్పి ఉండాల్సింది. నోరు రాలేదు.

ఉమ్ జాఫర్ ఒక్కొక్కటే అడిగించింది. పాలు తాగుతారా? ఖర్జూరం తినొచ్చా? తేనె? ఇంట్లో గిన్నెలన్నిట్లోనూ చేప వండి ఉంటారని, అట్టపెట్టెలోంచి ఇంకా వాడని కొత్త గిన్నె తీసి, మూడుసార్లు కడిగి, అందులో పాలు కాచి తెచ్చింది. ఆ గిన్నె ఎవరి పెళ్ళికోసం దాచిందో! బయట వండింది తిననన్న నేను ఆ పాలు తాగాను. కాదనడానికి మొహం చెల్లలేదు.

తర్వాత నా పులిహోర డబ్బా తెరిపించింది. ఇంట్లో ఉన్న మంచి పింగాణీ పళ్ళేలు తీసి అందరికీ తలా కాస్త పెట్టింది. మగవాళ్ళ వైపు కూడా పంపింది. ఆవిడ ఎండుమిర్చి కొరికి, దగ్గి, కళ్ళనీళ్ళు పెట్టుకుని, బాగుంది బాగుంది అని నా వీపు నిమిరింది. గోడ అవతల తన సెండాఫ్ భోజనంలో మా ఆయన నా పులిహోర తింటున్నారు.

"ఎప్పటిదాకా ఈ మొక్కు?" అని అడిగించింది.

"అమావాస్య దాకా. చంద్రుడు పోయి, మళ్ళీ కొత్త నెలవంక వచ్చేదాకా," అన్నాను.

నెలవంక లెక్క ఆవిడకి నాకంటే బాగా తెలుసు. మన అమ్మమ్మల్లాగే బొటనవేలితో కణుపులు లెక్కపెట్టుకుంది. తర్వాత గుండె మీద చెయ్యి వేసుకుని నాతో ఏదో అంది.

"పరాయి దేశంలో ఒక్కదానివే మొక్కు పట్టడం కష్టం, నెలవంక దాకా నీతో పాటు నేనూ చేప మానేస్తాను అంటోంది," అంది జైనబ్.

మర్యాదకి అన్న మాట అనుకున్నాను. మనం ఇంటికొచ్చినవాళ్ళతో ఇది మీ ఇల్లే అనుకోండి అంటాం, అలాంటిది. నవ్వి తలూపాను.

వచ్చేటప్పుడు ఒక సీసాడు ఖర్జూరం పాకం చేతిలో పెట్టింది. మొక్కు తీరిన రోజున ఈ పాకంతో అన్నం వండి, చేప వేయించి ఆయనకి పెట్టమంది. వీధిలో జాఫర్ తండ్రి మా ఆయన చెయ్యి పట్టుకుని వదల్లేదు. లుంగీలో ఉన్నాడు, అరచేతులు పడవ తాళ్ళకి కాయలు కాసి ఉన్నాయి. "ఈసారి వచ్చినప్పుడు హామూర్," అన్నాడు. ఈసారి అనేది లేదని అక్కడున్న అందరికీ తెలుసు.

తిరుగు దారి

తారూత్ వంతెన మీదికి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. రెండు పక్కలా బురదలో మడచెట్లు, వాటి మధ్య పొడుగు కాళ్ళ పక్షులు. చూడదగ్గ చోటు. కార్లు ఆపి జనం ఫోటోలు తీసుకుంటున్నారు. మేము ఆగలేదు.

"హామూర్ ఎంతుందనుకున్నావు?" అన్నారు మా ఆయన. స్టీరింగ్ వదిలి మోచెయ్యి దాకా చూపించారు. "ఇంతుంది."

"మీరు తినాల్సింది. నాకు మొక్కు గాని మీకేం మొక్కు?"

"నువ్వు మొక్కన్నాక నాకు లేదంటే, ఆళ్ళ ముందు నువ్వేమవుతావే?"

కాస్త దూరం వెళ్ళాక ఆయనే అన్నారు, "జాఫర్‌కి తెలుసు."

"ఏం తెలుసు?"

"మొన్న బుధవారం నువ్వు కేరియర్లో కట్టిన చేపల పులుసు వాడూ నేనూ కలిసే తిన్నాం. వాడి గొంతులో ముల్లు గుచ్చుకుంటే అన్నం ముద్ద మింగమన్నాను కూడా."

అబాయా తీసి మొహం మీద కప్పుకుందామనిపించింది.

"మరి వాళ్ళమ్మకి చెప్పలేదా?"

"నా మొహంకేసి చూసేడు. నేను తల దించుకున్నాను. అంతే, వాడే లేచి పళ్ళెం తీసుకెళ్ళిపోయేడు."

"కారు వెనక్కి తిప్పండి," అన్నాను.

"తిప్పి ఏం చెబుతావు?"

ఆయన కారు తిప్పలేదు. జుబైల్ పొగగొట్టాల మంటలు కనబడేదాకా ఖాళీ డబ్బా వెనక సీట్లో దొర్లుతూ చప్పుడు చేస్తూనే ఉంది.

నరసాపురం

ఇంటికి వచ్చేశాం. దిగిన మర్నాడే మా ఇంట్లో వంజరం వేపుడు. చుట్టాలు, పలకరింపులు, బంగారం ధర, ఎండలు. పాకం సీసా వంటింటి అలమరలో వెనక్కి పెట్టాను, కంటికి కనబడకుండా.

ఒకరోజు మధ్యాహ్నం జాఫర్ వీడియో ఫోను చేశాడు. భోజనాల వేళ. తెరమీద జాఫర్, జైనబ్, మధ్యలో ఉమ్ జాఫర్. ఆవిడ ముందు పళ్ళెం, పళ్ళెంలో సాఫీ ముల్లు. నన్ను చూడగానే ఆ ముల్లు ఎత్తి పట్టుకుని నవ్వింది.

"నిన్న నెలవంక కనబడింది," అంది జైనబ్. "అమ్మ ఇవాళే చేప తింది. మీ మొక్కు కూడా తీరింది కదా, ఉస్తాద్‌కి చేప పెట్టారా అని అడుగుతోంది."

"ఇవాళే తినడమేమిటి?" అన్నాను.

"మీతో చెప్పింది కదా! ఇన్నాళ్ళూ నాన్న తెచ్చిన చేపలన్నీ మాకు వండిపెట్టి, తను పెరుగూ ఖర్జూరం తింది. నాన్న రోజూ పోట్లాటే. జాలరి ఇంట్లో చేప తినని పెళ్ళామేమిటని."

మా ఆయన నా పక్కన నిలబడి ఉన్నారు. తెరలో జాఫర్ ఇటు చూడకుండా గోడవైపు చూస్తున్నాడు. అన్నాళ్ళూ తల్లి చేప ముట్టకపోవడం కళ్ళారా చూస్తూ, నిజం తెలిసీ, నా పరువు కోసం నోరు మూసుకున్నవాడు. వీడి ఇంట్లోనేనా నేను మెతుకు ముట్టనన్నది?

"జైనబ్, అమ్మతో ఒక మాట చెప్పాలి. ఆ రోజు నేను..." అన్నాను.

జాఫర్ గబుక్కున ముందుకి వంగాడు. తల్లికీ చెల్లెలికీ అర్థం కాకుండా సైటు హిందీలోకి మారాడు. "ఖలాస్ మేడమ్, మత్ బోలో. అమ్మా బహుత్ ఖుష్ హై. పూరా గలీ కో బోలా."

వద్దు, చెప్పొద్దు అని. అమ్మ చాలా సంతోషంగా ఉంది, వీధంతా చెప్పుకుంది అని. హిందూ దేశపు చెల్లెలి మొక్కు తను కూడా పట్టి తీర్చానని.

ఆపేశాను. ఉమ్ జాఫర్ ఏదో అడిగింది. వేళ్ళ కణుపులు చూపిస్తూ.

"ఈ నెల ఏటా వస్తుందా, వచ్చే ఏడాది ఎప్పుడొస్తుందో ముందే చెప్పమంటోంది అమ్మ," అంది జైనబ్. "తను కూడా ఉంటుందట."

"రాదు," అన్నాను. "ఒక్క ఏడాది మొక్కే. మీ పుణ్యమా అని తీరిపోయింది. ఇక అక్కర్లేదని చెప్పు."

అది ఆవిడతో ఆడిన రెండో అబద్ధం. ఆవిడ ఆకాశం వైపు చేతులెత్తి ఏదో అనుకుంది. అందరం నవ్వాం. ఫోను పెట్టేశాక మా ఆయన, "పోన్లే," అన్నారు. ఆ పూట పాకం సీసా తీసి తియ్యన్నం వండాను. ఖతీఫ్ అన్నంలా రాలేదు, అడుగంటింది. ఆయన చేపతో కలిపి మొత్తం తిన్నారు. నేను వడ్డించి కూర్చున్నాను.

అది పోయినేటి సంగతి. మొన్న మళ్ళీ మాఘం వచ్చింది. పాడ్యమి రోజు పొద్దున్నే మా ఆయన సంచి తీసుకుని రేవుకి బయలుదేరుతూ, "నీకేం తెమ్మంటావే?" అని అడిగారు.

"నాకొద్దు. అమావాస్య దాకా," అన్నాను.

ఆయన చెప్పులేసుకుని వెళ్ళిపోయారు. వచ్చేటప్పుడు సంచిలో ఆయనకి చేపలు, నాకు ఖర్జూరం.